అర్ధరాత్రి దాటిన శాసనము

దక్షిణ అమెరికా ఖండమున గత శతాబ్దమందు సైనిక ప్రభుత్వములకు కొదువ లేదు. వానిని నిందించిన కవులకును, శపించిన వక్తలకును అంతకన్నను కొదువ లేదు. అయితే నింద వేఱు, నిరూపణ వేఱు. నిందించినవానిని దేశద్రోహి యని నియంత త్రోసిపుచ్చగలడు. ఫలానా తేదీని, ఫలానా గంటకు, ఫలానా అధికారి ఆజ్ఞచే, ఈ పేరుగల మనుష్యుని చంపించితివని సాక్ష్యముతో నిలదీసినవానికి చెప్పుటకు మాత్రము వాని యొద్ద ప్రత్యుత్తరము లేదు. ఈ రెండవ విద్యను అర్జెంటీనా దేశమున ఇరువది సంవత్సరముల పాటు సాగించి, తుదకు దాని కొఱకే ప్రాణములు కోల్పోయిన రొడోల్ఫో వాల్ష్ చరిత్ర పత్రికావృత్తిలో నున్న ప్రతివాడును తెలిసికొనవలసినదని నా దృఢవిశ్వాసము.

వాల్ష్ 1927 జనవరి 9వ తేదీని రియో నెగ్రో ప్రాంతమున, ఐర్లండు నుండి వలస వచ్చినవారి సంతతిలో జన్మించెను. తండ్రి పశుక్షేత్రములలో పెత్తనదారుగా పనిచేయుచుండగా, 1930 తరువాతి ఆర్థికమాంద్యము ఆ సంసారమును కూలద్రోసినందున, పిల్లవాడు ఐరిషు మతాచార్యులు నడపు వసతిపాఠశాలలలో పెరిగి, పదునేడేండ్ల ప్రాయమున బ్యూనస్ ఐరిస్ నగరమునందలి హాషెట్ ప్రచురణాలయములో ప్రూఫులు దిద్దు పనికి కుదిరెను. పదిమంది చదివి దాటిపోయిన పంక్తిలో దొర్లిన ఒక్క అక్షరము ప్రూఫులు దిద్దువాని కంటిలో నలుసువలె మెదలును. అది తీసివేయువఱకు వానికి నెమ్మది యుండదు. వాల్ష్ ఆంగ్లము నుండి అపరాధపరిశోధక కథలను అనువదించెను, తానును వ్రాసెను. 1953లో వెలువడి పురపాలక సంఘపు బహుమానమును పొందిన అతని కథాసంపుటములో నేరము గుట్టు విప్పు డానియల్ హెర్నాండెజ్ పోలీసు కాడు, న్యాయవాది కాడు, ప్రూఫులు దిద్దువాడు. కల్పనలో తన కథానాయకుని కిచ్చిన ఆ వృత్తిని మూడేండ్లు గడచిన పిమ్మట తానే యథార్థలోకమున, యథార్థమైన శవముల యెదుట నిర్వహింపవలసి వచ్చునని అతడు ఊహించి యుండడు.

1955 సెప్టెంబరులో సైన్యము అధ్యక్షుడు పెరోన్‌ను పదవీచ్యుతుని గావించినప్పుడు వాల్ష్ దుఃఖింపలేదు. అతడు పెరోన్ పక్షమువాడు కాడు; సొంత యన్న నౌకాదళ వైమానికుడై ఆ తిరుగుబాటున పాల్గొనెను. ఈ సంగతి నేనిచ్చట నొక్కి చెప్పుచున్నాను. ఏలయన, పిదప అతడు వెల్లడించిన ఘోరము తన పక్షమువారికి జరిగినది కాదు, తాను ఒకప్పుడు హర్షించిన ప్రభుత్వము చేసినది. 1956 జూన్ 9వ తేదీ రాత్రి జనరల్ వాయే నాయకత్వమున పెరోన్ పక్షపు సైనికులు కొందఱు అధ్యక్షుడు అరంబూరు పై తిరుగబడిరి. ఆ రాత్రి లా ప్లాతా పట్టణములోని ఒక కాఫీశాలలో చదరంగ మాడుచున్న వాల్ష్, తుపాకుల మ్రోతను విని, ఇంటికి చేరి, తన కిటికీ క్రిందనే ఒక యువసైనికుడు ప్రాణము విడుచుటను చెవులార వినెను. అయినను తిరుగుబాటు అణగిపోగా అతడు మరల తన చదరంగమునకును తన కథలకును మరలిపోయెను. వీరగాథలలో కథానాయకుడు మొదటి దెబ్బకే మేల్కొనును. మనుష్యుడు అట్లు మేల్కొనడు.

ఆఱు నెలలు గడచిన పిమ్మట, డిసెంబరు మాసమున, అదే కాఫీశాలలో ఒకడు అతని చెవిలో వేసిన మాట యేమనగా, ఆ రాత్రి కాల్చివేయబడినవారిలో ఒకడు బ్రతికియున్నాడని. వాల్ష్ ఆ మనుష్యుని వెదకి కనుగొనెను. అతడు హువాన్ కార్లోస్ లివ్రాగా, బస్సు నడపు యువకుడు. చెంపపై ఒక గాయపు గుంట, గొంతు ప్రక్కన అంతకు పెద్దది మఱియొకటి, చెదరిన దవడ. ఆ ముఖమును చూచిన పిమ్మట ఈ కథను నమ్మకుండుట తన వశము కాలేదని వాల్ష్ తరువాత వ్రాసికొనెను.

జరిగిన దిది. రాజధాని ప్రక్కనున్న ఫ్లోరిడా అను పేటలో ఒక యింట, ఆ రాత్రి రేడియోలో ప్రసారమగు ముష్టియుద్ధమును వినుటకు కొందఱు చేరియుండిరి. వారిలో ఒకరిద్దఱకు తిరుగుబాటు సంగతి తెలియును, పెక్కురకు తెలియదు. రాష్ట్రపోలీసు అధిపతి లెఫ్టినెంటు కర్నల్ ఫెర్నాండెజ్ సువారెజ్ స్వయముగా వచ్చి ఆ యింటిపై పడి, అందున్నవారిని పట్టించి, సాన్ మార్టిన్ ఠాణాకు పంపెను. తెల్లవారుజామున పండ్రెండుగురను లారీ యెక్కించి, హోసే లియోన్ సువారెజ్ అను చోట, చెత్త పోయు బయలునకు కొనిపోయి, వాహనపు దీపముల వెలుగులో ముందుకు నడువుడని వెనుకనుండి కాల్చిరి. ఐదుగురు మరణించిరి. ఏడుగురు చీకటిలో పరుగెత్తియో, శవములవలె పడియుండియో తప్పించుకొనిరి. విచారణ లేదు, తీర్పు లేదు, కాల్చినవారికి చేతగాని తొందర తప్ప మఱేమియు లేదు.

ఇట్టి సంగతిని ఆవేశముతో వ్రాయుట సులభము. వాల్ష్ అట్లు చేయలేదు. అతడు కాగితములను వెదకెను. లివ్రాగాను పట్టుకొనిపోయిన రాత్రి సాన్ మార్టిన్ ఠాణాలో అతని యొద్దనున్న వస్తువులు తీసికొని రశీదు ఇచ్చియుండిరి: ఒక చేతిగడియారము, ఒక తాళపుచెవుల గుత్తి, పది పెసోలు, ఒక జేబురుమాలు. నెత్తురోడుచు ఆస్పత్రికి చేరిన యతని వద్దనుండి నర్సులు ఆ చీటిని పోలీసుల కంటబడకుండ దాచి తండ్రి చేతికి చేర్చిరి. లివ్రాగాను తామెన్నడును నిర్బంధింపలేదని ఎవ్వరును చెప్పజాలకుండ చేసినది ఆ చిన్న కాగితమే. ఆ నర్సుల సాహసము నాకు ఏ సేనాపతి శౌర్యము కన్నను తక్కువగా తోచదు.

అయితే వాల్ష్ యొక్క పరిశోధనకు మూలస్తంభము మఱియొకటి కలదు. తిరుగుబాటు చేసినవారిని కాల్చివేయుటకు ఆధారము సైనికశాసనమని ప్రభుత్వము చెప్పెను. సరే, ఆ శాసన మెప్పుడు పుట్టినది? శాసనము ప్రకటింపబడిన పిమ్మట చేసిన నేరమునకే అది వర్తించును గాని, పూర్వము చేసిన పనికి వర్తింపదన్నది ఏ దేశపు న్యాయశాస్త్రమునకైనను మొదటి పాఠము. ప్రభుత్వ రేడియోలో ఆ రాత్రి ప్రసారము చేసిన ప్రతి విషయమును సమయముతో సహా నమోదు చేయు పుస్తకమును వాల్ష్ సంపాదించెను. అందు వరుసగా ఆ రాత్రి కార్యక్రమములు, వాని తరువాత, జూన్ 10వ తేదీ 0.32 గంటలకు, సైనికశాసనపు ప్రకటన. ఫ్లోరిడాలోని యింటిపై దాడి జరిగినదో, ముందుదినము రాత్రి. ఎన్ని గంటలకని అడిగినచో అందులకు సాక్షి పోలీసు అధిపతియే: తన చర్యను సమర్థించుకొను తొందరలో రాష్ట్ర సలహామండలి యెదుట, రాత్రి 11 గంటలకు తానే స్వయముగా ఆ యింటిలో ప్రవేశించితినని అతడు చెప్పియుండెను. అనగా, పట్టుబడునప్పటికి ఆ పండ్రెండుగురును శాంతికాలపు పౌరులు. వారు చేయని నేరమునకు, ఇంకను పుట్టని శాసనము క్రింద, వారిని చంపించిరి. గంటన్నర వ్యవధి. ప్రభుత్వము తన పుస్తకములో తాను వ్రాసికొన్న సమయమును, తన యధికారి తన నోట చెప్పిన సమయమును ప్రక్కప్రక్కన పెట్టి చదువుటయే వాల్ష్ చేసిన పని. ప్రూఫులు దిద్దువాడు మూలప్రతిని, అచ్చుప్రతిని ప్రక్కప్రక్కన పెట్టి చూచునది ఇట్లే గదా!

ఈ పరిశోధనలో ఎన్రికేతా మున్యీజ్ అను యువపత్రికారచయిత్రి అతనికి ఆద్యంతము తోడు నిలిచెను. ఆమె లేనిచో ఈ పని జరిగెడిది కాదని ఎవరి గ్రంథమున వారి పేరు ముందుగా నుండు ఈ లోకములో వాల్ష్ నిండు మనస్సుతో చాటెను. అతడు ఇల్లు విడిచి, ఫ్రాన్సిస్కో ఫ్రేరే అను దొంగపేరుతో గుర్తింపుచీటి సంపాదించి, జేబులో పిస్తోలుతో తిరుగుచు, మరణించినవారి భార్యలను, దాగియున్నవారిని ఒక్కొక్కరిని వెదకి మాటలాడెను. పెద్ద పత్రికలు ఆ కథను ముట్టలేదు. తుదకు చిన్న పత్రికలలో భాగములుగా వెలువడి, 1957లో ‘ఒపెరాసియోన్ మసాక్రే’ అను గ్రంథముగా అచ్చయినది. యథార్థ నేరమును నవలవలె చెప్పు ప్రక్రియకు అమెరికా రచయిత ట్రూమన్ కపోటీని ఆద్యునిగా చెప్పువారు పెక్కురు కలరు. కపోటీ గ్రంథమునకు వాల్ష్ గ్రంథము దాదాపు తొమ్మిదేండ్లు పెద్దది. ఇక ఫలితమందురా, సుప్రీం కోర్టు వ్యవహారమును సైనిక న్యాయస్థానమునకు అప్పగించి చేతులు దులుపుకొనెను. చెత్తబయలులోని ఆ ఐదు హత్యలకు ఎవ్వరును శిక్ష పొందలేదు.

తరువాతి పదునైదేండ్లను త్వరగా దాటుదును. 1959లో వాల్ష్ క్యూబాకు పోయి, మసెట్టి అను పత్రికారచయిత స్థాపించిన ప్రెన్సా లాటినా వార్తాసంస్థలో చేరెను. అచ్చట టెలిప్రింటరుపై వ్యాపార సందేశముల వేషమున వచ్చిన అర్థముగాని ఒక తంతిని, పాత పుస్తకముల అంగడిలో కొన్న సంకేతలిపి గ్రంథముల సాయమున రాత్రులు కూర్చుండి విప్పి, గ్వాటిమాలాలో క్యూబాపై దండయాత్రకు సన్నాహములు జరుగుచున్నవని కనుగొనెనని, అతనితో ఆ సంస్థలో పనిచేసిన నవలాకారుడు గార్సియా మార్కెజ్ వ్రాసియున్నాడు. స్వదేశమునకు మరలి, కార్మికసంఘపు పత్రికను నడుపుచు, అవెయనేదా పట్టణములోని ఒక భోజనశాలలో 1966లో తుపాకిగుండుకు బలియైన కార్మికనాయకుడు రొసెందో గార్సియాను కూల్చిన గుండు ఏ బల్ల వైపు నుండి వచ్చెనో కొలతలు వేసి తేల్చెను. పద్ధతి అదే: గంట, దూరము, దిక్కు, చీటి.

ఇచ్చట నేను దాటవేయరాని విషయ మొకటి కలదు. 1970 తరువాత వాల్ష్ మొంటొనేరోస్ అను సాయుధసంస్థలో చేరి, దాని గూఢచార విభాగమున పనిచేసెను. ఆ సంస్థ హత్యలు చేసినది. 1976 జూలైలో ఒక పోలీసు భోజనశాలలో బాంబు పెట్టి ఇరువదిమందికి పైగా చంపినది. విచారణ లేని మరణమును ఎదిరించి లేచిన కలము, విచారణ లేని మరణమును సాధనముగా గైకొన్న సంస్థకు తోడ్పడుట నన్ను బాధించుచున్నది. అతని గుణములను చూచి ఈ సంగతిని మఱుగుపఱచుట అతడు నేర్పిన పద్ధతికే ద్రోహము. 1976 చివర, ప్రజలకు దూరమై కేవలము ఆయుధమును నమ్ముకొనుట వినాశమునకు దారియని అతడే నాయకులకు వ్రాసి హెచ్చరించెను. వారు వినలేదు.

1976 మార్చి 24వ తేదీని జనరల్ విదెలా, అడ్మిరల్ మసేరా, బ్రిగేడియరు అగోస్తీ అధికారమును కైకొనిరి. ఈ మారు పద్ధతి వేఱు. 1956లో చంపి, చంపితిమని చెప్పిరి. 1976లో మనుష్యుని ఎత్తుకొనిపోయి, అట్టివాడు మాకు తెలియడనిరి. శవము లేదు, చీటి లేదు, గంట లేదు. నిరూపణమునే బ్రతుకుగా జేసికొన్న పత్రికారచయితకు ఇంతకన్న కఠినపరీక్ష యుండునా? వాల్ష్ రహస్య వార్తాసంస్థ నొకదానిని నెలకొల్పి, సైనికుల నుండియు, బందీల బంధువుల నుండియు, ప్రభుత్వము విడిచిన పత్రికల మూలలనుండియు తునుకలు ఏరి, సైక్లోస్టైలు చేసి పంపెను. చేతికందినవారు దానిని నకలు వ్రాసియో, నోటిమాటగానో మఱియొకరికి చేర్చుడని కోరెను. ఆ సెప్టెంబరు 29వ తేదీని అతని కుమార్తె మరియా విక్టోరియా, ఇరువదియాఱేండ్లు నిండిన మఱునాడు, సైన్యము చుట్టుముట్టిన యింట మరణించెను. ఆ వార్తను తండ్రి రేడియోలో వినెను.

సైనికప్రభుత్వమునకు ఏడాది నిండిన నాటికి అతడు పాలకులను సంబోధించి ఒక బహిరంగలేఖ వ్రాసెను. పదునైదువేలమంది అదృశ్యులు, పదివేలమంది బందీలు, నాలుగువేలమంది మృతులు; తిరస్కరింపబడిన హెబియస్ కార్పస్ దరఖాస్తులు ఏడువేలు; ఉరుగ్వే తీరమునకు కొట్టుకొనివచ్చిన శవములు. అంతటితో ఆగలేదు. కార్మికుడు కుటుంబపు నిత్యావసరములు కొనుటకు పాటుపడవలసిన కాలము దినమునకు 6 గంటల నుండి 18 గంటలకు పెరిగినదనియు, ఈ యాకలి ఆ హత్యలకన్న పెద్ద నేరమనియు, ఆ హత్యలకు కారణము సైతము దీని యందే కలదనియు నిరూపించెను. హింసను చూచినవారు పెక్కురు. హింసకును సరకుల ధరలకును గల ముడిని ఇంత స్పష్టముగా విప్పి చూపినవాడు ఆనాడు వేఱొకడు నాకు కానరాడు. ఇరువదియేండ్ల క్రిందట దొంగచీటితో తిరిగిన వాడు, ఈ లేఖ క్రింద తన నిజనామమును, తన గుర్తింపుచీటి సంఖ్య 2845022ను వ్రాసి చేవ్రాలు చేసెను.

1977 మార్చి 25వ తేదీని, సాన్ విసెంతే గ్రామములోని తన యింటినుండి నగరమునకు వచ్చి, లేఖ ప్రతులను తపాలా పెట్టెలో వేసి, సాన్ హువాన్, ఎంత్రే రియోస్ వీథుల కూడలి వద్దకు నడచుచుండగా బందీలను దాచి హింసించు రహస్యస్థలముగా మారిన నౌకాదళ యాంత్రిక విద్యాలయపు ముఠా అతనిని చుట్టుముట్టెను. ప్రాణముతో పట్టుకొని చిత్రవధ చేయవలెనని వారి తలంపు. అతడు చిన్న పిస్తోలు తీసి ఎదిరింపగా తుపాకులతో కాల్చి కూల్చిరి. తరువాత అతని యింటిపై పడి వ్రాతప్రతులన్నియు దోచుకొనిపోయిరి; వానిలో పూర్తియైన కథ యొకటి కలదని అతని సహచరి లిలియా ఫెర్రేరా చెప్పినది. లేఖను ఆనాడు అర్జెంటీనాలో ఏ పత్రికయు అచ్చువేయలేదు.

ముప్పదినాలుగేండ్ల అనంతరము, 2011 అక్టోబరు 26వ తేదీని, బ్యూనస్ ఐరిస్ న్యాయస్థానము యాంత్రిక విద్యాలయపు నేరములపై తీర్పు చెప్పి, ఆస్టిజ్, అకోస్తా మున్నగు పండ్రెండుగురు నౌకాదళ, పోలీసు, సైనికాధికారులకు యావజ్జీవ కారాగారశిక్ష విధించెను. ఆ యభియోగములలో వాల్ష్ హత్యయు, అతని వ్రాతప్రతుల అపహరణమును చేరియుండెను. అతని శరీరము గాని, ఆ కాగితములు గాని నేటికిని దొరకలేదు.