ప్లగ్గు పీకినా చావని స్ప్రింగు

మొన్న సంక్రాంతికి అనకాపల్లి వెళ్తే అటక మీంచి పాత వాక్యూమ్ క్లీనర్ ఒకటి దిగింది. వైరు బయటికొస్తోంది గానీ, బటన్ నొక్కితే లోపలికి చుట్టుకోవట్లేదు. ఇంజనీరింగ్ చదివినోణ్ణి కదా, ప్లగ్గు పీకేసి స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చున్నా. రీలు మూత లేపానో లేదో, లోపలి పట్టీ స్ప్రింగు పాములా బయటికి దూకింది. బొటనవేలు తెగింది. కళ్ళజోడుంది కాబట్టి కన్ను దక్కింది. అద్దం మీద గీత మాత్రం ఉండిపోయింది.

మావయ్య నవ్వలేదు. "గోడ గడియారాలోళ్ళు ముందు స్ప్రింగు దించేవోళ్ళురా, ఆ తర్వాతే విప్పేవోళ్ళు" అన్నాడు.

నిజమే. చుట్టిన స్ప్రింగుతో గడియారాలు నడవడం 15వ శతాబ్దంలోనే మొదలైంది. 1896లో ఎల్డ్రిడ్జ్ జాన్సన్ బెర్లినర్ గ్రామఫోనుకి స్ప్రింగు మోటారు చేసిచ్చాడు. ఆ యంత్రాల్లో బలమంతా మనం చేత్తో కీ ఇచ్చి నింపిందే. అది ఎక్కడుందో మెకానిక్కుకి వేరే చెప్పక్కర్లేదు. తాళం గట్టిగా పట్టుకుని, పళ్ళచక్రాన్ని ఆపే కొక్కెం తప్పించి, స్ప్రింగుని మెల్లగా వదులు చేసేవాడు.

వాక్యూమ్ క్లీనర్ కథ వేరు. 1901లో లండన్లో బూత్ చేసిన యంత్రం గుర్రబ్బండి మీద వచ్చి, వీధిలో నిలబడి, కిటికీలోంచి గొట్టం పంపేది. అమెరికాలో ఊడ్చే పని చేసే స్పాంగ్లర్ 1907లో ఫ్యాను మోటారుకి దిండు గలీబు తగిలించాడు. 1908లో అది హూవర్ల చేతికెళ్ళింది. ఇక బలమంటే కరెంటే, ప్లగ్గు తీస్తే యంత్రం చచ్చినట్టే అన్న నమ్మకం మనకి స్థిరపడిపోయింది. తర్వాతెప్పుడో వైరు చుట్టుకునే రీలు పేరుతో పాత గడియారం స్ప్రింగే చడీచప్పుడు లేకుండా లోపలికి దూరింది.

మన దగ్గర 1982లో యురేకా ఫోర్బ్స్ మొదలయ్యాక ఇంటింటికీ తిరిగి ఈ మిషన్లు అమ్మారు. అప్పటివి ఇంకా కొన్ని అటకల మీద ఉన్నాయి. మీరు విప్పేట్టయితే ప్లగ్గు తీసి, వైరు మొత్తం లోపలికి పోనివ్వండి. అప్పుడు కూడా రెండుమూడు చుట్ల బిగువు మిగిలే ఉంటుంది. కళ్ళజోడు, మందపాటి గ్లవ్స్ వేసుకోండి. స్ప్రింగున్న డబ్బా మూత మాత్రం తియ్యొద్దు. పాడైతే రీలు మొత్తం మార్చేయడమే.

కరెంటు ఎక్కడుందో నాలుగేళ్ళు చదువుకున్నా. బలం ఎక్కడ దాక్కుందో చూడ్డం బొటనవేలు నేర్పింది.