పుదుచ్చేరి నుంచి యానాంకు ఒక పంచ్: ఫైటింగ్ గేమ్‌లో వేగం, దూరం

పుదుచ్చేరి పట్టణానికీ యానాంకీ మధ్య నేరు దూరం సుమారు 590 కిలోమీటర్లు. రెండూ ఒకే కేంద్రపాలిత ప్రాంతంలో ఉన్నా ఒకటి తమిళనాడు తీరాన, మరొకటి గోదావరి డెల్టాలో ఉంది. ఈ రెండు ఊళ్లలో ఇద్దరు కుర్రాళ్లు ఎవరింట్లో వాళ్లు కూర్చుని, పక్కపక్కనే ఉన్నట్టుగా ‘స్ట్రీట్ ఫైటర్’ ఆడగలరా? ఇరవై ఏళ్ల కిందట దాదాపు అసాధ్యం. ఇప్పుడు సాధ్యమే. ఈ మార్పు ఎలా వచ్చిందో తెలియాలంటే ముందు ఆ ఆట ఎలా నడుస్తుందో తెలియాలి.

ఆట స్వరూపం

టూడీ ఫైటింగ్ గేమ్‌లో తెరను పక్క నుంచి చూస్తాం. ఇద్దరు యోధులు ఎదురెదురుగా నిలబడతారు. ముందుకు, వెనక్కు, పైకి, కిందికి కదలగలరు. తెర లోతులోకి మాత్రం వెళ్లలేరు. ఎదుటివాడి ప్రాణశక్తిని చూపే గీత ఖాళీ అయితే ఒక రౌండ్ గెలిచినట్టు.

జపాన్‌కు చెందిన క్యాప్‌కామ్ సంస్థ 1987లో ‘స్ట్రీట్ ఫైటర్’ను, 1991లో ‘స్ట్రీట్ ఫైటర్ 2’ను విడుదల చేసింది. ఈ ఆటలకు ప్రాణమైన ‘కాంబో’, అంటే ఒక దెబ్బ తగిలాక తప్పించుకునే వీలివ్వకుండా వరుసగా కొట్టడం, రెండో ఆటలో అనుకోకుండా పుట్టినదే. తయారీదారులు దాన్ని లోపంగా భావించి తీసేయకుండా అలాగే ఉంచారు. అనుమతి లేకుండా మార్చిన నకిలీ యంత్రాల్లో ఆట మరింత వేగంగా నడవడం, జనం వాటికి ఎగబడటం చూసి క్యాప్‌కామ్ 1992లో ‘హైపర్ ఫైటింగ్’ పేరిట వేగం పెంచిన రూపాన్ని తెచ్చింది. 1998లో ఆర్క్ సిస్టమ్ వర్క్స్ తెచ్చిన ‘గిల్టీ గేర్’ ఇంకో అడుగు ముందుకు వేసింది. అందులో గాలిలో ఉండగానే ముందుకు దూసుకుపోవచ్చు. దీంతో ఎదుటివాడు దూకడం చూసి తేరుకునే సమయం బాగా తగ్గిపోయింది.

చూసి ఆపగలిగేవి, ఆపలేనివి

ఈ ఆటల్లో కాలాన్ని ఫ్రేముల్లో కొలుస్తారు. సెకనుకు 60 ఫ్రేములు. అంటే ఒక్కో ఫ్రేము దాదాపు 16.7 మిల్లీసెకన్లు. ‘స్ట్రీట్ ఫైటర్ 6’లో అతి వేగమైన మామూలు పంచ్ నాలుగో ఫ్రేములో, అంటే సెకనులో పదిహేనో వంతులో తగులుతుంది. కంటికి కనిపించినదానికి మనిషి చెయ్యి స్పందించడానికి 200 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే 12 నుంచి 15 ఫ్రేములు. కాబట్టి ఆ పంచ్‌ను చూసి ఆపడం ఎవరి వల్లా కాదు. అది వస్తుందని ముందే ఊహించి ఆపాలి. దూకి కొట్టే దెబ్బ సంగతి వేరు. దూకినవాడు దాదాపు ముప్పావు సెకను గాలిలో ఉంటాడు కనుక చూసి జవాబు చెప్పవచ్చు.

ఆటగాడి పనంతా ఈ రెండింటి మధ్యే. చూసి ఆపగలిగినవాటిని తప్పకుండా ఆపాలి, ఆపలేనివాటిని ఊహించాలి. ఊహకు పునాది రాయి-కాగితం-కత్తెర లాంటి చిన్న చక్రం. గార్డ్ దెబ్బను ఆపుతుంది. గార్డ్‌లో ఉన్నవాణ్ని పట్టుకుని విసిరేయవచ్చు. పట్టుకోవడానికి వచ్చేవాణ్ని ముందే కొట్టవచ్చు. గార్డ్‌లోనూ రెండు రకాలున్నాయి. కాళ్ల మీదికి వచ్చే దెబ్బను వంగి ఆపాలి, పైనుంచి వచ్చేదాన్ని నిలబడి ఆపాలి.

వీటన్నిటికీ ముందు దూరం తెలియాలి. తమిళనాట సిలంబం, తెలుగునాట కర్రసాము చూసినవారికి ఇది కొత్త కాదు. కర్ర అందే దూరానికి అడుగు బయట నిలబడి, ఎదుటివాడి దెబ్బ గాలిలో పోయేలా చేసి, అతను కుదుటపడేలోగా కొట్టడమే ఇక్కడా మొదటి పాఠం.

వేళ్ల వేగమే సర్వస్వం కాదనడానికి రెండు ఉదాహరణలు. 2004లో అమెరికాలో జరిగిన ఇవో పోటీల్లో జపాన్ ఆటగాడు దైగో ఉమెహారా ప్రాణశక్తి దాదాపు ఖాళీ అయిన స్థితిలో జస్టిన్ వాంగ్ ప్రయోగించిన 15 దెబ్బల వరుసను ఒక్కొక్కటిగా తిప్పికొట్టాడు. అందులో మొదటిదాన్ని చూసి ఆపే వ్యవధే లేదు, ముందే ఊహించాలి. ఇక హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 2023 సెప్టెంబర్‌లో ‘స్ట్రీట్ ఫైటర్ 5’ స్వర్ణం గెలిచిన దక్షిణ కొరియా ఆటగాడు కిమ్ గ్వాన్-వూ వయసు 44 ఏళ్లు. అదే పోటీలో భారత్ తరఫున మయాంక్ ప్రజాపతి, అయాన్ బిశ్వాస్ ఆడారు.

తీగలో ప్రయాణించే పంచ్

ఊహ పదునెక్కాలంటే రకరకాల ప్రత్యర్థులతో వందల ఆటలు ఆడాలి. టోక్యోలోనూ న్యూయార్క్‌లోనూ ఆ పని ఆర్కేడ్‌లలో జరిగింది. పుదుచ్చేరి వంటి పట్టణంలోని ఆటగాడికి ఇంటర్నెట్టే ఆర్కేడ్. చిక్కంతా అక్కడే వస్తుంది.

ఫైబర్ తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. ఆ లెక్కన పుదుచ్చేరి నుంచి యానాంకు 3 మిల్లీసెకన్లు, సుమారు 1,870 కిలోమీటర్ల దూరంలోని ఢిల్లీకి 9, సుమారు 2,900 కిలోమీటర్ల దూరంలోని సింగపూర్‌కు 15 మిల్లీసెకన్లు చాలు. ఇవి ఒకవైపు ప్రయాణానికి భౌతికశాస్త్రం విధించే కనీస హద్దులు మాత్రమే. తీగలు నేరుగా వెళ్లవు, మధ్యలో ఎన్నో రౌటర్లు ఉంటాయి. అందుచేత అసలు సమయం దీనికి రెండు మూడు రెట్లు కావచ్చు. అయితే 150 కిలోమీటర్ల దూరంలోని చెన్నైలో సముద్రగర్భ కేబుళ్లు ఒడ్డుకు చేరతాయి. అందువల్ల తూర్పు తీరంలోని ఆటగాడికి సింగపూర్ ప్రత్యర్థి మ్యాప్‌లో కనిపించినంత దూరం కాదు.

పాత పద్ధతిలో ఈ ఆలస్యాన్ని ఆటగాడే మోయాల్సి వచ్చేది. ఎదుటివాడి బటన్ కబురు చేరేదాకా ఆట మన బటన్‌ను కూడా ఆపి ఉంచేది. నొక్కిన కొన్ని ఫ్రేములకు గానీ తెరపై చెయ్యి లేచేది కాదు. పైగా నెట్ ఒడిదొడుకులను బట్టి ఆ ఆలస్యం మారుతూ ఉండేది. ఒకసారి తగిలిన కాంబో మరోసారి తప్పేది. చేతికి ఏ లయా అలవడేది కాదు.

2006లో ఎక్స్‌బాక్స్ 360పై వచ్చిన ‘హైపర్ ఫైటింగ్’ ఆన్‌లైన్ ఆట తీరు నచ్చక, ఇవో వ్యవస్థాపకుల్లో ఒకరైన టోనీ కానన్ ‘జీజీపీవో’ అనే సాఫ్ట్‌వేర్ రాశాడు. దాని కిటుకు పేరు రోల్‌బ్యాక్. ఎదుటివాడి కబురు కోసం ఆట ఎదురుచూడదు. కిందటి ఫ్రేములో అతను నొక్కిందే ఇప్పుడూ నొక్కి ఉంచాడని అనుకుని ముందుకు సాగిపోతుంది. మనిషి సెకనుకు 60 సార్లు బటన్లు మార్చలేడు కాబట్టి ఆ అంచనా చాలాసార్లు నిజమవుతుంది. తప్పితే పాత స్థితికి వెనక్కి వెళ్లి, అసలు బటన్‌తో ఆ కొద్ది ఫ్రేములను కంటికి కనపడనంత వేగంగా మళ్లీ లెక్కించి ప్రస్తుతానికి వచ్చేస్తుంది. మన బటన్ మాత్రం ఆగదు.

జీజీపీవో 2019లో ఓపెన్ సోర్స్ అయింది. 2021 జూన్‌లో వచ్చిన ‘గిల్టీ గేర్ స్ట్రైవ్’, 2023 జూన్‌లో వచ్చిన ‘స్ట్రీట్ ఫైటర్ 6’ రోల్‌బ్యాక్‌తోనే విడుదలయ్యాయి. పాత పద్ధతితో వచ్చి ఉంటే చిన్న పట్టణాల ఆటగాళ్లు తమ ఊరివాళ్లతో తప్ప సరిగా ఆడగలిగేవారు కాదు.

రోల్‌బ్యాక్‌కూ హద్దుంది

రోల్‌బ్యాక్ దూరాన్ని దాచగలదు గానీ చెరపలేదు. తగలడానికి 20 ఫ్రేములు పట్టే ఒక దెబ్బను తీసుకుందాం. పక్కనే కూర్చున్న ప్రత్యర్థి దాన్ని వేస్తే చూసి ఆపడానికి సుమారు 333 మిల్లీసెకన్లు ఉంటాయి. కబురు చేరడానికి 100 మిల్లీసెకన్లు పట్టే దూరం నుంచి వస్తే, ఆ భారమంతా రోల్‌బ్యాక్ మీదే పడినప్పుడు, దెబ్బ మొదటి ఆరు ఫ్రేములు మన తెరపై కనిపించవు. మిగిలేవి 14 ఫ్రేములు, అంటే సుమారు 233 మిల్లీసెకన్లు. మనిషి స్పందన హద్దు దగ్గరే ఉంటుంది. చూసి ఆపగలిగిన దెబ్బ ఊహించి ఆపాల్సిన దెబ్బగా మారిపోతుంది. ఆట పేరు అదే, పరీక్ష మాత్రం వేరు.

అందుకే అనుభవజ్ఞులు కొన్ని నియమాలు పాటిస్తారు. వై-ఫైలో ఆలస్యం క్షణక్షణం మారుతుంది కనుక ల్యాన్ తీగ వాడతారు. టీవీలో ఆడితే గేమ్ మోడ్ పెడతారు. ఈ ఆటల్లో ఎక్కువగా ఇద్దరి యంత్రాలూ నేరుగా మాట్లాడుకుంటాయి కాబట్టి సర్వర్ ఎక్కడుందన్నదాని కన్నా ప్రత్యర్థి ఎక్కడున్నాడన్నదే ముఖ్యం. నెట్ ప్లాన్‌లో ఎంత ఎంబీపీఎస్ ఉందన్నది దాదాపు అప్రస్తుతం. బటన్ల కబురు చాలా చిన్నది.

దగ్గరివాళ్ల బలం

దగ్గర్లో గట్టి ప్రత్యర్థులుంటే ఏమవుతుందో పక్క దేశం చూపింది. లాహోర్‌కు చెందిన అర్సలాన్ యాష్ 2019లో ఇవో జపాన్, ఇవో రెండింటిలోనూ ‘టెక్కెన్ 7’ టైటిళ్లు గెలిచాడు. టెక్కెన్ త్రీడీ ఆటే అయినా పాఠం ఒకటే. ప్రపంచం పెద్దగా పట్టించుకోని దేశంలో, స్థానికంగా ఒకరితో ఒకరు ఆడి రాటుదేలిన గుంపు నుంచి అతను వచ్చాడు.

మన దేశంలో 2022 డిసెంబర్‌లో కేంద్రం బహుళ క్రీడా పోటీల్లో భాగమైన ఇ-స్పోర్ట్స్‌ను క్రీడల శాఖ పరిధిలోకి తెచ్చింది. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందెపు ఆటలను నిషేధించి, ఇ-స్పోర్ట్స్‌ను వేరుగా గుర్తించింది. దాని ప్రకారం పోటీలో పాల్గొనేందుకు ప్రవేశ రుసుము తీసుకోవచ్చు, ప్రతిభను బట్టి బహుమతి ఇవ్వవచ్చు, పందెం మాత్రం కాయకూడదు. ఇ-స్పోర్ట్‌గా గుర్తింపు, నమోదు కూడా తప్పనిసరి. పెద్ద నిర్వాహకులకు ఇవి మామూలు కాగితాల పని కావచ్చు. పది మందితో వారాంతపు పోటీ పెట్టుకునే పట్టణ బృందాలకు ఆ ప్రక్రియ ఎంత తేలికగా ఉంటుందన్నదే అసలు ప్రశ్న. పుదుచ్చేరి కుర్రాడికి సింగపూర్ ప్రత్యర్థి దొరకడం సాంకేతికత చేసిన మేలు. పక్క వీధిలోని ప్రత్యర్థి దొరకాలంటే మాత్రం ఊళ్లో ఒక గది, రెండు తెరలు, వారానికో సాయంత్రం కావాలి.