గంజి కాగితము – సేరంపూరు అచ్చు

మన పాస్టరుగార్లు సేరంపూరు డిగ్రీ పొందినారని వింటూ ఉంటాము గాని, ఆ ఊరిలో ఒకప్పుడు కాగితముతో జరిగిన పోరాటమును చాలామంది ఎరుగరు. కలకత్తాకు ఎగువన, హుగ్లీ నది ఒడ్డున 1800లో కేరీ, మార్ష్‌మన్, వార్డు గార్లు అక్కడ ముద్రణాలయము స్థాపించారు. విశాఖపట్నములో దేగ్రాంజ్ గారు తర్జుమా చేసిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో తెలుగులో అచ్చయినది అక్కడనే. అప్పటికి దేగ్రాంజ్ గారు చనిపోయి రెండేళ్ళు.

ఇంగ్లీషు కాగితము ఖరీదు. పైగా ఓడ మీద రావాలి. దేశవాళీ కాగితము చౌక. కలప గుజ్జు కాగితము అప్పటికి ఐరోపాలో సహితము వాడుకలోకి రాలేదు. అక్కడ చింకిపాతలు, మన దేశములో పాత జనపతాళ్ళు, గోనెలు, వలలు. వీటిని నానబెట్టి, దంచి, గుజ్జు చేసి, తెరతో ఎత్తి ఆరబెట్టేవారు. ఉత్త కాగితము మీద సిరా పాకుతుంది గనుక బియ్యపు గంజి పూసి నున్నని రాతితో రుద్దేవారు. కలముతో వ్రాయుటకు అది చాలును. అచ్చుకు చాలదు. నునుపు అంతటా సమముగా లేకపోతే అక్షరము ఒకచోట ముద్దగాను, ఒకచోట వెలవెలబోయి పడుతుంది. గుడికి, గుడిదీర్ఘమునకు తేడా తెలియకపోతే చదువరి గతి ఏమిటి!

అంతకు మించిన బాధ పురుగులది. గంజికి చెదలు, పుస్తకపు పురుగులు చేరేవి. పెద్ద గ్రంథము చివరి ఫారములు అచ్చయ్యే లోపలనే మొదటి ఫారములను తినివేసిన సందర్భములున్నవి. కేరీ గారు విలువైన వ్రాతప్రతులను పాషాణము పట్టించిన కాగితము మీద వ్రాసుకొన్నారు. అది వికారమైన పసుపు రంగు తిరిగేది.

చివరకు మిషనువారే కాగితపు మిల్లు పెట్టుకొన్నారు. మొదట దానిని 40 మంది కూలీలు వంతులవారీగా చక్రము త్రొక్కి నడిపేవారు. వారిలో ఒకడు ఆ పనిలోనే ప్రాణము పోగొట్టుకొన్నాడు. ఆ తరువాతనే ఆవిరి యంత్రపు ఆలోచన వచ్చి, 1820లో ఇంగ్లండులోని బోల్టన్ నుండి 12 హార్స్‌పవరు ఇంజను తెప్పించి నిలిపారు. ఎన్నో ప్రయోగముల మీద పురుగు పట్టని కాగితము వచ్చినది. తెలుపులో మాత్రము ఇంగ్లీషుదానికి తీసికట్టే.

దోషము నారది కాదు, పైపూతదని నా అభిప్రాయము. ఎండుగడ్డి, చెరకు పిప్పి కాగితములకు ఈనాడును ఇటువంటి తంటాయే. వాటిలోని పొట్టి నారలు ఆఫ్‌సెట్ యంత్రములో జిగట సిరాకు అంటుకొని లేచివస్తాయి, అచ్చులో తెల్లచుక్కలు పడతాయి. దానికి మందు? మళ్ళీ గంజే! అయితే ఇప్పుడు దానిని బాగా ఉడికించి, పలుచన చేసి, రోలర్ల మధ్య రెండు ప్రక్కలా సమముగా ఎక్కించి, ఆరిన తరువాత ఇనుప రోలర్లతో నునుపు చేస్తారు.