అప్పు లెక్క ఎవరు చూడాలి?

అప్పుల ఊరట చరిత్రను మనవాళ్ళు ఒకే మూసలో చెబుతారు. 1875లో దక్కను రైతులు షావుకార్ల పత్రాలు తగలబెట్టారు, 1879లో అక్కడ చట్టం వచ్చింది, 1904లో సహకార సంఘాలు, 1969లో బ్యాంకుల జాతీయీకరణ, ఆ తర్వాత ఎన్నికల మాఫీలు. ఈ కథలో అప్పు తీర్చలేనివాడికి రెండే దారులు. సర్కారు దయతలచి మాఫీ చేయాలి, లేదా ఐపీ పెట్టి ఊళ్ళో తలదించుకోవాలి. బాకీని తీర్చగలిగే కొలతకు తేవడమన్నది ఈమధ్య బ్యాంకులు కనిపెట్టిన రీస్ట్రక్చరింగ్ విద్య అన్నట్టు మాట్లాడతారు. కోస్తా జిల్లాల్లో పాత ప్లీడరు గుమాస్తా ఎవరూ ఈ మాట ఒప్పుకోరు. ప్రామిసరీ నోటు దావాల్లో 1938 నాలుగో చట్టం కింద ప్రతివాదికి ఏ రాయితీ వర్తించదని రాయడం వాళ్ళకు అలవాటైన పని.

ఆ చట్టం ఎందుకొచ్చిందో చూడాలి. 1930 తర్వాత ఆర్థిక మాంద్యంలో ధాన్యం ధర కుప్పకూలింది. నోటు మీది రూపాయలు మాత్రం తగ్గలేదు. అదే బాకీ తీర్చడానికి రైతు అమ్మాల్సిన బస్తాలు పెరిగిపోయాయి. 1936లో మద్రాసు ప్రభుత్వం రుణ రాజీ బోర్డులు పెట్టింది. రెండు పక్షాలూ ఒప్పుకుంటేనే అక్కడ రాజీ. మొండికేసిన షావుకారును దారికి తెచ్చే బలం బోర్డుకు అంతంతమాత్రం. ఈ బోర్డులను మన చరిత్రకారులు ఒక్క వాక్యంతో దాటేస్తారు గానీ, తర్వాతి కథకు మూలం ఇక్కడే ఉంది.

ఆ నాలుగో చట్టమే రాజాజీ ప్రభుత్వం తెచ్చిన మద్రాసు వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం. అది 1938 మార్చి 22న అమలులోకి వచ్చింది. దాన్ని మాఫీ అనేవాళ్ళు సెక్షన్లు చదివినట్టు లేదు. 1926లో నూటికి రూపాయి వడ్డీకి వంద రూపాయలు తెచ్చుకున్న రైతును ఊహించుకోండి. నోటుకు కాలదోషం మూడేళ్ళు. గడువు దాటకముందే వెనక ఎంతో కొంత చెల్లు వేయాలి, లేదా వడ్డీని అసలులో కలిపి నోటు తిరగరాయాలి. తిరగరాస్తూ పోతే 1929లో 136, 1932లో 185, 1935లో 251 రూపాయలు దాటుతుంది. చివరి నోటులో ఆ 251 అసలుగానే కనిపిస్తుంది. కొత్త చట్టం ప్రకారం కోర్టు ఈ నోట్లను వెనక్కి తిరగేసి, చేతికిచ్చిన వందనే అసలుగా పట్టుకుంది. 1932 అక్టోబరు 1కి ముందటి అప్పు గనుక 1937 అక్టోబరు 1 నాటికి నిలిచిన వడ్డీ అంతా రద్దు. రైతు అప్పటికే అసలుకు రెట్టింపు, అంటే 200 చెల్లించి ఉంటే మొత్తం బాకీ చెల్లు. 120 చెల్లించి ఉంటే ఇక 80 ఇస్తే చాలు. 1932 అక్టోబరు 1 నుంచి చేసిన అప్పులకు చట్టం వచ్చేనాటిదాకా ఏటా 5 శాతమే వడ్డీ. తీర్పు అయిపోయిన డిక్రీలను కూడా తిరిగి లెక్కగట్టమన్నది.

షావుకారు ఇచ్చిన అసలు ఎక్కడికీ పోలేదు. పోయింది, నిలిచిన వడ్డీ, దాని మీద ఎక్కిన వడ్డీ.

దీనివల్ల పల్లెల్లో అప్పు పుట్టకుండా పోయిందని ఒక వాదన ఉంది. ధరలు పడ్డ రోజుల్లో అప్పు దొరకడం ఎటూ కష్టమే. నెపమంతా చట్టం మీదికి నెట్టడం న్యాయం కాదు. వితంతువుల పొట్ట కొట్టిందన్నది ఇంకో ఆరోపణ. వేరే ఆస్తి లేని స్త్రీకి రావలసిన బాకీ, అసలు 3,000 రూపాయలు మించకపోతే, చట్టం దాన్ని ముట్టుకోలేదు. అయితే మెచ్చుకోలుకూ హద్దు ఉండాలి. భూమిలో హక్కున్నవాడికే ఈ ఊరట. చేతివృత్తులవాడు, కూలీ బయటే ఉండిపోయారు. షావుకార్లూ చేతులు ముడుచుకు కూర్చోలేదు. ఇచ్చినదానికన్నా నోటులో ఎక్కువ రాయించుకోవడం, నోటు మానేసి ఏకంగా క్రయ దస్తావేజు పుచ్చుకుని తీరిస్తే తిరిగి రాసిస్తామని నోటిమాట ఇవ్వడం వాళ్ళకు తెలిసిన ఎత్తులే. 1946లో గ్రామీణ అప్పులపై ఆర్థికవేత్త బి.వి. నారాయణస్వామి నాయుడు జరిపిన విచారణలో పెద్ద రైతుల బాకీలు తగ్గాయని, కౌలుదార్ల, కూలీల భారం పెరిగిందని తేలింది. యుద్ధకాలపు ధరలకు అమ్ముకోవడానికి గింజలున్నవాడు తేరుకున్నాడు. అందులో చట్టం పాలెంత, ధరల పాలెంత అని విడదీయడం తేలిక కాదు. ధరల పాలే ఎక్కువని నా అనుమానం. అయినా అప్పిచ్చినవాడు కాక మూడో మనిషి కూర్చుని లెక్క తిరగేసిన పద్ధతి నిలిచింది.

1977లో ఆంధ్రప్రదేశ్ చట్టం చిన్న రైతులకు, వ్యవసాయ కూలీలకు, గ్రామీణ చేతివృత్తులవారికి ఊరట ఇచ్చింది. 1984లో మాత్రం గాలి మళ్ళింది. వడ్డీ మితిమీరిందన్న కారణంతో బ్యాంకు లెక్కను కోర్టులు తిరగతోడకూడదని బ్యాంకింగ్ నియంత్రణ చట్టంలో 21ఎ సెక్షన్ చేర్చారు. నా దృష్టిలో 1938 పద్ధతికి పడ్డ పెద్ద దెబ్బ ఇదే. అదే వరుసలో, క్రెడిట్ కార్డు వడ్డీ 30 శాతం మించరాదన్న జాతీయ వినియోగదారుల కమిషన్ ఉత్తర్వును సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో కొట్టేసింది.

ఇప్పుడు రీస్ట్రక్చరింగ్ అంటే చాలావరకు గడువు సాగదీయడమే. ఐదు లక్షల పర్సనల్ లోను, 14 శాతం వడ్డీ, మూడేళ్ళు అయితే నెలకు 17 వేల పైచిలుకు ఈఎంఐ. ఐదేళ్ళకు మారిస్తే 11,600కు దిగుతుంది, ఊపిరాడుతుంది. కానీ మొత్తం వడ్డీ లక్షా 15 వేల నుంచి లక్షా 98 వేలకు చేరుతుంది. సెటిల్‌మెంట్ చేసుకుంటే బాకీ తగ్గుతుంది గానీ సిబిల్ రుణ చరిత్రలో 'సెటిల్డ్' ముద్ర పడుతుంది. రెండు చోట్లా కలం బ్యాంకుదే, అప్పుదారుది సంతకం. కోవిడ్ కాలంలో రిజర్వు బ్యాంకు 2020లోనూ 2021లోనూ ఇచ్చిన వెసులుబాట్లలో కూడా ఎవరికివ్వాలో తేల్చేది అప్పిచ్చిన సంస్థే. అంటే 1936 బోర్డు దగ్గరికే తిరిగి వచ్చాం, ఈసారి బోర్డు కూడా లేకుండా.

2016 దివాలా స్మృతిలో వ్యక్తుల కోసం ఒక భాగం ఉంది. ఏడాది ఆదాయం 60,000, ఆస్తి 20,000, బాకీ 35,000 రూపాయలు మించకుండా, సొంత ఇల్లు లేనివారికి బాకీ నుంచి విముక్తి ఇచ్చే ఏర్పాటు అందులో రాశారు. 2019 డిసెంబరులో ఆ భాగాన్ని కంపెనీల అప్పులకు హామీ ఉన్న వ్యక్తుల వరకే అమలులోకి తెచ్చారు. మామూలు అప్పుదారుకు అది పుస్తకంలోనే ఉండిపోయింది.