గుత్త, గుట్టు

నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలో రొయ్యల గుంటలు కౌలుకో లీజుకో చేతులు మారుతుంటాయి. ఈ బేరానికి పాత మాట గుత్త. ఏటా ఇంత అని ముందే తేల్చుకుంటే పండినా ఎండినా అంతే కట్టాలి. కన్నడిగుల గుత్తిగె, తమిళుల కుత్తగై దీని తోబుట్టువులే. గుత్త అనగానే రెండు ప్రశ్నలు వస్తాయి: సొత్తు ఎవరిది, గడువు ఎన్నాళ్లు?

పత్రికల్లో రాసే ‘గుత్తాధిపత్యం’ ఈ రెంటినీ మరిచిపోయింది. అందులో ఆధిపత్యమే మిగిలింది. పేటెంటును అలా తెలుగు చేస్తే నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే అది అచ్చమైన గుత్త. గడువు 20 ఏళ్లు. ఇచ్చేది ప్రజల పేరిట ప్రభుత్వం. బదులుగా తీసుకున్నవాడు గుట్టు విప్పాలి: కనిపెట్టింది ఎలా పనిచేస్తుందో, ఆ విద్య తెలిసినవాడు చదివి చేసుకోగలిగేలా రాసివ్వాలి. గుత్తకూ గుట్టుకూ భాషలో చుట్టరికం లేదు. చట్టమే వాటికి ముడివేసింది.

సాఫ్ట్‌వేర్ దగ్గర ఆ ముడి వదులైంది. దరఖాస్తులో పద్ధతిని విశాలమైన మాటల్లో చెబుతారు, ప్రోగ్రాము అసలు రాత అయిన సోర్సు కోడు మాత్రం పెట్టెలోనే ఉంటుంది. పైగా కాపీరైటు రాతను కాపాడితే, పేటెంటు ఆలోచననే పట్టుకుంటుంది. ఎవరిదీ చూడకుండా సొంతంగా అదే దారి కనుక్కున్నవాడూ దోషే. ఉదాహరణకు, కంప్యూటర్ శాస్త్రవేత్త టెరీ వెల్చ్ 1984లో డేటాను కుదించే పద్ధతిని ఒక పత్రికలో ప్రకటించాడు. 1987లో కంప్యూసర్వ్ కంపెనీ దాన్ని జిఫ్ బొమ్మల్లో వాడింది. పద్ధతిపై అప్పటికే పేటెంటు ఉందని, రుసుము కట్టాలని యూనిసిస్ కంపెనీ చెప్పింది 1994 చివర! అప్పటికి జిఫ్ లోకమంతా పాకిపోయింది. కొందరు ప్రోగ్రామర్లు కలిసి ఎవరి గుత్తా లేని పీఎన్‌జీ అనే బొమ్మల రూపాన్ని తయారుచేశారు. అమెరికాలో ఆ పేటెంటు గడువు 2003లో తీరింది.

మన పేటెంటు చట్టం 3(కె) సెక్షను గణిత పద్ధతికీ, అల్గారిథమ్‌కూ, ‘పెర్ సే’ కంప్యూటర్ ప్రోగ్రాముకూ పేటెంటు లేదంటుంది. పెర్ సే అంటే దానంతటది. ఇన్నేళ్ల తగాదా ఈ చిన్న మాట మీదే. సునామీ మన తీరాన్ని కొట్టిన 2004 డిసెంబరు చివరి వారంలోనే వచ్చిన ఆర్డినెన్సు, పరిశ్రమలో సాంకేతికంగా పనికొచ్చే ప్రోగ్రాముకు తలుపు తెరవబోయింది. 2005లో పార్లమెంటు ఆ మాటలు తీసేసింది. పేటెంటు కార్యాలయం 2016 మార్గదర్శకాలు కొత్త హార్డ్‌వేరు ఉండాలన్నాయి, 2017లో ఆ షరతు పోయింది. 2019లో ఫెరీద్ అల్లానీ కేసులో ఢిల్లీ హైకోర్టు, ప్రోగ్రాము ఆధారమైనంత మాత్రాన నిజమైన ఆవిష్కరణను తోసిపుచ్చకూడదంది.

మైపాడు జాలరి గుంటకు గుత్త కడతాడేమో గాని, గాలి వాలును బట్టి వల వేసే తెలివికి ఎవరికీ కట్టడు. అల్గారిథమ్ నా లెక్కలో ఆ తెలివి జాతిది. హైదరాబాదులో ‘స్వేచ్ఛ’ సంస్థ తెలుగులో పలికే లినక్సును తెచ్చింది. వాళ్లు గుట్టు ముందే విప్పేశారు, గుత్త అడగలేదు. గుట్టు దాచుకున్నవాడు వచ్చి అలాంటివాళ్లను కోర్టుకు లాగే వీలుండటం నాకు అన్యాయంగా తోస్తుంది. సాఫ్ట్‌వేర్‌కు పేటెంటు ఇవ్వక తప్పదనే రోజు వస్తే, పనిచేసే సోర్సు కోడు మొత్తం దరఖాస్తుతోనే అందరికీ చదవడానికి దొరకాలని చట్టంలో రాయాలి. ఇవ్వనివాడి దరఖాస్తును అక్కడికక్కడే తిప్పి పంపాలి.