క్లాసిక్: మొదటి తరగతి మాట

ఆస్తి లెక్కల ప్రకారం రోమ్ పౌరులలో మొదటి తరగతికి చెందినవాడని అర్థమిచ్చే ‘క్లాసికస్’ అనే లాటిన్ పదాన్ని క్రీ.శ. 2వ శతాబ్దంలో రోమన్ రచయిత ఆలస్ గెలియస్ ప్రమాణంగా నిలిచే రచయితకు అన్వయించగా, అదే ‘క్లాసిక్’కు మూలమైంది; తెలుగు ప్రేక్షకులు ‘మాస్’కు ప్రతిగా వాడే ‘క్లాస్’ కూడా ఆ కుటుంబానిదే. 1963 నాటి అమెరికా వేసవి విడిదిలో వర్గభేదాన్ని దాటిన ప్రేమను చూపిన ‘డర్టీ డాన్సింగ్’ (1987) చిత్రం, ప్రజాదరణ వల్ల మాత్రమే కాక, చట్టవిరుద్ధ గర్భస్రావపు ప్రమాదాన్ని కథకు ఇరుసుగా నిలిపి, ఒక యువతి స్వయంనిర్ణయాన్ని నాట్యంతోనే పలికించినందువల్ల ‘క్లాసిక్’ అనే పేరుకు నిస్సందేహంగా అర్హమైనది. సాంస్కృతిక, చారిత్రక, కళాత్మక ప్రాముఖ్యం గల చిత్రాలను పరిరక్షించే అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో 2024లో దానికి దక్కిన స్థానం ఈ నిర్ణయానికి బలం చేకూరుస్తుంది.