తొండ ఎందుకు తల ఊపుతుంది?

అమరచింతలో మా ఇంటి వెనక రాతిగోడ మీద తొండ కనిపిస్తే పిల్లలం ఊరుకునేవాళ్ళం కాదు. అది ముందుకాళ్ళ మీద లేచి మమ్మల్ని చూస్తూ తల ఊపేది. వెక్కిరిస్తోందని మా నమ్మకం. మాది మగ్గం ఇల్లు, దారానికి కరువు లేదు. పుల్ల చివర దారంతో ఉచ్చు వేసి దాని మెడకు తగిలించేవాళ్ళం. ఉచ్చులో పడ్డాక దాని ఎర్రటి గొంతు చూస్తుండగానే వెలిసిపోయేది. అదీ దాని మాయే అనుకునేవాళ్ళం. ఆ తర్వాత రాళ్ళు.

పాతికేళ్ళ తర్వాత డాలస్‌లో ఒక తెలుగు మిత్రుడి ఇంట్లో, గాజు పెట్టెలో, అదే తల ఊపడం చూశాను. వాళ్ళమ్మాయి పెంచుకుంటున్న బియర్డెడ్ డ్రాగన్ అది. “వెక్కిరిస్తోందా?” అన్నాను. “లేదంకుల్, ఇది నా చోటు అంటోంది,” అంది ఆ పిల్ల.

ఇది, మన తొండ, రెండూ అగామిడే కుటుంబమే. కానీ రెండిటి చరిత్రలు వేరు. ఆస్ట్రేలియా ఎడారుల్లోని ఈ జీవిని 1926లో జర్మన్ శాస్త్రవేత్త ఎర్నస్ట్ ఆల్ వర్ణించాడు. 1982లో గ్లెన్ స్టోర్ దీన్ని పోగోనా అనే కొత్త ప్రజాతిలోకి మార్చాడు. గ్రీకులో పోగోన్ అంటే గడ్డం. కోపం వస్తే గొంతు కింద ముళ్ళు ఉబ్బి నల్లబడతాయి, అదే ఆ గడ్డం. 1960ల నుంచి ఆస్ట్రేలియా తన వన్యప్రాణుల ఎగుమతి ఆపేసింది. అంటే అమెరికా ఇళ్ళలో ఉన్నవాటి పూర్వీకులు చాలావరకు దొంగచాటుగా సముద్రం దాటినవే. ఇప్పుడు పుట్టేవి మాత్రం పెంపకంలోనివే.

పెంపకం అంటే ముద్దు చేయడం కాదని ఆ పిల్లే చెప్పింది. పెట్టెలో ఒక చివర 40 డిగ్రీల వేడి ఉండాలి, ఇంకో చివర చల్లగా ఉండాలి. ఒళ్ళు వేడెక్కించుకోవడం, చల్లబరుచుకోవడం దాని ఇష్టం. యూవీబీ దీపం లేకపోతే డి3 విటమిన్ తయారవదు, కాల్షియం ఒంటబట్టదు, ఎముకలు మెత్తబడి వంగిపోతాయి. నాకు నవ్వొచ్చింది. కరెంటు బిల్లు కట్టి మా ఊరి మే నెలను కొనుక్కుంటున్నారన్నమాట!

మన తొండకు 1802లోనే ఫ్రెంచి శాస్త్రవేత్త దొదాఁ వెర్సికలర్ అని పేరు పెట్టాడు, రంగులు మార్చేదని. ఇక్కడి ఇంగ్లీషువాళ్ళు బ్లడ్‌సక్కర్ అన్నారు. అది తాగే రక్తమేమీ లేదు, తినేది పురుగుల్ని. జతకట్టే కాలంలో మగదాని గొంతు ఎర్రబడుతుంది, అంతే. మనం ‘తొండ ముదిరి ఊసరవెల్లి’ అన్నాం. ఎంత ముదిరినా తొండ ఊసరవెల్లి కాదు, ఆ కుటుంబమే వేరు. పేర్లు పెట్టినవాళ్ళందరూ రంగు చూశారు. ఆ రంగుతో అది ఏం చెబుతోందో అడిగినవాళ్ళు తక్కువ. మేం ఉచ్చు బిగించినప్పుడు గొంతు వెలిసిపోయింది మాయ కాదు, భయం.

భాగవతం దశమస్కంధంలో నృగుడి కథ ఉంది. ఒకే ఆవును ఇద్దరికి దానమిచ్చిన పాపానికి ఆ రాజు కృకలాసమై పాడుబావిలో పడి ఉంటాడు. దాన్ని కొందరు ఊసరవెల్లి అంటారు, కొందరు తొండ అంటారు. చివరికి కృష్ణుడు ఎడమచేత్తో పైకి తీస్తాడు. మా ఇంట్లో ఈ కథను ఆవు కోసమే చెప్పేవాళ్ళు. కానీ దాన్ని మొదట చూసింది దాహమై నీళ్ళు వెతుక్కుంటూ వచ్చిన యాదవ పిల్లలు. జాలిపడి, తాళ్ళు కట్టి పైకి లాగబోయి, చేతకాక వెళ్ళి కృష్ణుడికి చెప్పారు. తాడు వాళ్ళ చేతిలోనూ ఉంది, మా చేతిలోనూ ఉంది.

తొండను గాజు పెట్టెలో పెట్టి పెంచుకోమని నేననను. మన ఎండ దానికి ఉచితంగానే దొరుకుతోంది. ఒక రాతిగోడ, గుడ్లు పెట్టుకోను కాస్త మెత్తటి మట్టి చాలు. మొన్న ఫోన్లో నాయనను అడిగాను, వెనక గోడ మీద తొండలు ఇంకా వస్తున్నాయా అని. “ఎందుకు రావురా! మీరు లేరు గదా కొట్టనీకి,” అన్నాడు.